ముందే కొట్టిన వడ్లగింజ గుర్తు

"అట్ల బోర్ల పెట్టకు బిడ్డా. నెత్తి పైకి ఉండాలె. మంట పడేది నెత్తి మీదనే కదా. ఇగో, సుట్టూత ఈ గాళ్లున్నయి సూడు, వీట్ల రింగులు కూసుంటయి. పక్కకు ఈ రంధ్రంల పిన్ను, పిన్నుకు రాడ్డు. పైనుంచి మంట తంతది, ఇది కిందికి ఉరుకుతది. మల్ల ఎక్కుతది, మల్ల తంతది. నీ స్కూటీ జోరుగ పోతున్నప్పుడు నిమిషానికి ఐదారు వేలసార్లు. మనిషైతే మొదటి నిమిషానికే దండం పెట్టి ఇంటికి పోతడు."

కిషన్ రావు మాట ఆపకుండా చెప్పుకుపోతున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న విజయశ్రీ నవ్వుతూ ఆ లోహపు ముక్కను సరిగ్గా నిలబెట్టింది. పిడికిలి కన్నా కొంచెం పెద్దది. ఒక పక్క గోడ విరిగిపోయి ఉంది. కిటికీ గూట్లో పాత పేపర్ల వెనక దాక్కుని ఉంటే ఆమే బయటికి లాగింది. వద్దనడానికి ఆయన నోరు తెరిచేలోపే అది ఆమె చేతుల్లోకి వచ్చేసింది. ఇక దాని గురించి చెప్పక తప్పలేదు. గడగడా చెప్పుకుపోతే మిగతాది అడగదులే అనుకున్నాడు.

విజయశ్రీ కింది వాటాలో ఉంటుంది. చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గర పని. కొత్త రాష్ట్రం వచ్చి నెల దాటింది, ఉద్యోగాల నోటిఫికేషన్లు పడతాయని అశోక్‌నగర్ గదుల్లోని పిల్లలంతా తెల్లారకముందే ఆ మెట్ల మీద బారులు తీరుతున్నారు. ఆ రద్దీలోంచి ఇంటికి వస్తుంటే నిన్న ఆమె స్కూటీ నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతూ పొగ కక్కి మొండికేసింది. మెకానిక్ పిస్టన్ పోయిందన్నాడు. "పోసింది ఎయ్యాల్నా, కొట్టింది ఎయ్యాల్నా మేడం?" అని కూడా అడిగాడు. తెలియని మాట చెవిన పడితే దాని అంతు చూడందే ఆమెకు అన్నం సయించదు. పదో తరగతితో బడి ఆగిపోయినా, ఆ తర్వాతి చదువంతా ఇలా నలుగురినీ అడిగి సంపాదించుకున్నదే. అందుకే ఈ సాయంత్రం నేరుగా మేడెక్కి వచ్చింది.

"అది సరే అంకుల్. పోసింది, కొట్టింది అంటే ఏంది?"

"ఇడ్లీ ఎట్ల చేస్తవ్ నువ్వు?"

"గుంటలల్ల పిండి పోసి ఆవిరి పెడ్త."

"జొన్నరొట్టె?"

"పిండి పిసికి, చేత్తోటి కొట్టుకుంట తిప్పుకుంట."

"ఐపాయె. కరిగిన అల్యూమినియం అచ్చుల పోస్తే ఇడ్లీ. కాలి మెత్తవడ్డ ముద్దను ప్రెస్సు కింద పెట్టి వత్తితే రొట్టె. వత్తినదాంట్ల గాలిబుడగ ఉండది, లోపలిదంత దగ్గరికొస్తది, దెబ్బకు ఓర్సుకుంటది. రేసుబండ్లకు గవే ఏస్తరు. పోసింది జర పెళుసు. కాని అగ్గువ, వేడికి ఎక్కువ ఉబ్బది, సప్పుడు చెయ్యది. నీ స్కూటీకి పోసింది సాలు. చేసేటోడు సక్కగ చేసుండాలె, అంతే."

చివరి మాట దగ్గర ఆయన గొంతు కాస్త కిందికి దిగింది. విజయశ్రీ అది గమనించింది.

వంటింట్లోంచి అరుంధతి గొంతు వినిపించింది. "విజయా, ఇయ్యాల నీకు ఇంటికి పోయే యోగం లేదు. ఈయన పిస్టన్ ఎత్తుకుంటే చాయ్ మూడుసార్లు ఎచ్చజెయ్యాలె. పెండ్లిసూపులల్ల మా నాయిన ముందట గూడ ఇదే చెప్పిండు."

"మీ నాయిన ఒప్పుకుండు కదనే!"

"ఆయనకు సగం ఇనపడకపోతుండె కాబట్టి ఒప్పుకుండు."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే విజయశ్రీ పిస్టన్‌ను వెలుతురు వైపు తిప్పి, లోపలికి వేలు పోనిచ్చింది.

"ఇదేంది అంకుల్, లోపట? వడ్లగింజ అతికినట్టున్నది?"

కిషన్ రావు కిటికీలోంచి కింది సందులోకి చూశాడు. అరుంధతి చాయ్ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టేవరకూ అలాగే చూస్తూ ఉన్నాడు. ఏడాదిన్నరగా ఆ గుర్తును ఆయన తప్ప ఎవరూ చూడలేదు. ఎవరూ చూడకూడదనే, ఇంజన్లు బాగుచేసే ఎంకయ్య షాపు నుంచి దాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు.

"అరుంధతీ, నువ్వు గూడ కూసో," అన్నాడు చివరికి. "నీకు గూడ చెప్పలే నేను."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ మంచం అంచున కూర్చుంది.

కిషన్ రావు ఇరవై ఎనిమిదేళ్లు అజామాబాద్‌లోని ఒక చిన్న ఫౌండ్రీలో పనిచేశాడు. రేకుల షెడ్డు, ముప్పై మంది కూడా లేరు. నీళ్ల పంపులకూ, స్లాబుల దగ్గర వాడే చిన్న డీజిల్ ఇంజన్లకూ అక్కడ పిస్టన్లు పోసేవారు. మొదట్లో ఆయనకు గరిటె పని. కరిగిన లోహం మీది తెట్టు తీసేసి, గరిటెతో ముంచి, ఇనుప అచ్చులో పోయాలి. ఆగి ఆగి పోస్తే రెండు ధారలు కలిసిన చోట అతుకు పడదు. తొందరపడితే గాలి చిక్కుకుంటుంది. ఒక్క ఊపిరిలో, చెయ్యి వణకకుండా పొయ్యాలి. ఆ చెయ్యి ఆయనకు ఆరు నెలల్లో వచ్చింది, వచ్చాక పోలేదు. ఇప్పటికీ అరుంధతి గిన్నెలోకి నూనె ఒంపుతుంటే "ఆగకు, ఆగకు" అంటాడు.

అచ్చులోంచి తీసిన పిస్టన్‌ను మళ్లీ బాగా కాల్చి వేడినీళ్ల తొట్టిలో ముంచుతారు. అంతటితో అది గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. గట్టిపడదు, ఇంకా మెత్తగానే ఉంటుంది. అసలు బలం ఆ తర్వాతది. రెండు వందల డిగ్రీల దరిదాపుల్లో ఉండే చిన్న బట్టీలో ఎనిమిది గంటలపాటు దాన్ని కదపకుండా ఉంచాలి. అప్పుడు లోహం లోపల కంటికి కనపడని రవ్వలు కట్టుకుంటాయి. ఇంజన్‌లో దెబ్బ పడినప్పుడు అడ్డం నిలబడేవి అవే. ఫౌండ్రీలో ఈ పనిని దమ్ అనేవారు. చివరి పదేళ్లు ఆ దమ్ బట్టీ కిషన్ రావుదే.

దమ్ అయిన ప్రతి పిస్టన్ లోపల, పిన్ను రంధ్రం పక్కన, ఆయన ఒక గుర్తు కొట్టేవాడు. అందుకోసం చిన్న ఉక్కు పంచ్‌ను వడ్లగింజ ఆకారంలో తనే సానబెట్టుకున్నాడు. ఆ గింజ ఉంటేనే, చెక్కి కొలతకు తెచ్చే లేత్ మీది వాళ్లు పిస్టన్‌ను ముట్టేవారు. లేకపోతే "రావు సాబ్ గింజ లేదు" అని పక్కన పెట్టేవారు. ఆ మాట వినడం ఆయనకు ఇష్టం.

"గుర్తు దమ్ ఐనంకనే కొట్టాలె బిడ్డా," అన్నాడు ఆయన. "కాని ఐనంక గట్టిగైతది. పంచ్ జారుతది, రెండు మూడు దెబ్బలు పడ్తయి. పైంగ సల్లారెదాక ఆగాలె. దమ్‌కు ముందటైతే మెత్తగుంటది. టిక్కున ఒక్క దెబ్బ, ఐపాయె. ఒకనాడు తొందరుండి ముందే కొట్టిన. ఏం కాలే. మల్లొకనాడు కొట్టిన. నాలుగైదేండ్లకు అదే అలవాటైంది. ముందు గుర్తు, ఎనక దమ్."

"దమ్ ఎట్లయినా పెడ్తరు కదా," అంది విజయశ్రీ. తప్పు వెతుకుతున్నట్టు కాదు, ఎక్కడ తేడా వచ్చిందో తెలుసుకోవాలన్నట్టు.

"పెడ్తుంటిమి. కరెంటు ఉన్నన్ని దినాలు పెడ్తుంటిమి."

2012లో ఫ్యాక్టరీలకు వారంలో మూడు రోజులు కరెంటు సెలవు ఉండేది. మిగతా రోజుల్లో చెప్పాపెట్టకుండా కోత. సెప్టెంబరులో ఒక రోజు పొద్దున పది గంటలకు నలభై ఎనిమిది పిస్టన్లు గుర్తు కొట్టించుకుని బట్టీలోకి వెళ్లాయి. పన్నెండున్నరకు కరెంటు పోయింది. జనరేటర్ కరిగించే బట్టీకే చాలీచాలకుండా ఉండేది. మళ్లీ నాలుగున్నరకు వచ్చింది. ఎనిమిది గంటల దమ్‌లో సగమే అయింది, ఆరు నుంచి ఫ్యాక్టరీలకు రాత్రి కోత. ఆరు గంటలకు ఫోన్‌లో సేటు అడిగాడు, "కిషన్ రావ్, దమ్ అయిందా? పొద్దుగాల లేత్ మీదికి పోవాలె, ఎల్లుండి లారీ ఉంది."

కాలేదు అంటే సరిపోయేది. ఒక రోజు ఆగేవాళ్లు. కానీ కాలేదంటే, దమ్ కాని పిస్టన్లకు గింజ ఎలా వచ్చిందని అడుగుతారు. గింజ చెరిపితే చెరిగేది కాదు. మళ్లీ కరిగించాల్సిందే. ఆ ఒక్క ట్రేతో నాలుగైదేళ్ల అలవాటు బయటపడుతుంది. రావు సాబ్ గింజ అంటే ఉన్న మాట పోతుంది.

"అయింది సేట్ అన్న," అన్నాడు కిషన్ రావు. "అని, నాకు నేను చెప్పుకున్న. తలుపు తియ్యలే కదా, లోపలి వేడి లోపట్నే ఉంటది కదా. బొగ్గులు సల్లారినా మూత పెట్టిన బిర్యాని మగ్గుతనే ఉంటది కదా అని."

"బిర్యానైతే మూత తీసి మటన్ బొక్క పట్టి సూస్తం," అంది అరుంధతి మెల్లగా. "మీరు సూసిన్రా?"

"సూడలే. గట్టితనం కొలిసే మిషన్ పక్కనే ఉండె. సూస్తే తెలుస్తదనే సూడలే."

నవంబరులో ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పారు. ఎవరో ఆ పంచ్‌ను ఎర్ర గుడ్డలో చుట్టి చేతికిచ్చారు. ఆ తర్వాత పొద్దుపోక చిక్కడపల్లిలో ఎంకయ్య షాపుకు వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎంకయ్య అరిగిన ఇంజన్ సిలిండర్లను లోపల చెక్కి బోరు కొడతాడు. చెడిపోయిన పిస్టన్ ఏదొచ్చినా "పెద్దసారుకు సూపియ్యున్రి" అంటాడు. పెద్దసారు చూసి, ఏం జరిగిందో చెబుతాడు. ఆయన చెప్పింది అక్కడ తీర్పు.

2013 ఫిబ్రవరిలో ఒక పగటిపూట మేస్త్రి నగేష్ గోనెసంచితో షాపు ముందు బండి ఆపాడు. పాలమూరు నుంచి తట్ట మోయడానికి వచ్చి, పదేళ్లలో స్లాబులు గుత్తకు పట్టేంత ఎదిగినవాడు. అతని వెనక హనుమప్ప నిలబడ్డాడు. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి.

అశోక్‌నగర్‌లో ఐదంతస్తుల బిల్డింగుకు స్లాబు పోస్తున్నారు. కాంక్రీటు మాలు పైకి చేరవేసే లిఫ్ట్ మిషన్ నడిపేది హనుమప్ప. నిండు డబ్బా నాలుగో అంతస్తు దాటుతుండగా ఇంజన్ పెళ్లుమని విరిగి ఆగిపోయింది. డబ్బా కిందికి జారింది. కింద తట్టలతో ఆరుగురు ఆడవాళ్లు ఉన్నారు. హనుమప్ప భార్య తిమ్మమ్మ కూడా వాళ్లలోనే ఉంది. హనుమప్ప బ్రేకు కడ్డీ మీద ఒళ్లంతా వేసి పడ్డాడు. రబ్బరు తొడుగు ఎప్పుడో ఊడిపోయిన కడ్డీ అది, అరచేతుల తోలు ఒలిచేసింది. డబ్బా వాళ్ల తలలకు నిలువెత్తు పైన ఆగింది.

ఎవరి ప్రాణమూ పోలేదు. ఇంజన్ పోయింది. ఆ కోపం నగేష్‌ది.

"నూనె పొయ్యకుండ నడిపిండు సార్," అన్నాడు సంచిలోంచి పిస్టన్ తీసి బల్ల మీద పెడుతూ.

"పోసిన సారూ. పొద్దుగాలనే పోసిన. పుల్ల ముంచి గూడ సూసిన," అన్నాడు హనుమప్ప.

"నువ్వు నోరు ముయ్యి. గదే చెప్తది. సారు సదువుతడు."

కిషన్ రావు పిస్టన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. నూనె లేకుండా నడిచిన పిస్టన్ పక్కలు చీరుకుపోయి ఉంటాయి, నిలువు గాట్లు పడతాయి. దీని పక్కలు నున్నగా ఉన్నాయి. పిన్ను దగ్గర పగిలింది. మెత్తటి లోహం నెలల తరబడి దెబ్బలు తిని, కొంచెం కొంచెంగా చీలి, చివరికి తెగిపోయిన తీరు. ఆయనకు అది ఒక్క చూపులో తెలిసింది. తిప్పి లోపల చూశాడు. వడ్లగింజ. లోతుగా, శుభ్రంగా, ఒక్క దెబ్బకు పడ్డ గింజ.

ఎంకయ్య అవతల మిషన్ దగ్గర వంగి ఉన్నాడు. నగేష్ చూస్తున్నాడు. గుమ్మం బయటి నుంచి హనుమప్ప మరీ ఎక్కువగా చూస్తున్నాడు. పెద్దమనిషి చేతికి వచ్చింది కాబట్టి న్యాయం జరుగుతుందన్న నమ్మకం ఆ చూపులో ఉంది.

"నూనె తక్కువైతే పిస్టన్లు ఖరాబైతయి," అన్నాడు కిషన్ రావు.

"అంతే అన్న బిడ్డా," అని ఇప్పుడు విజయశ్రీతో అన్నాడు. "ఆయన నూనె పొయ్యలేదని అనలే. తక్కువైతే ఖరాబైతయి అన్న. అది అబద్ధం కాదు. అందుకనే ఇంకింత సిగ్గు. అబద్ధం ఆడే ధైర్యం గూడ లేకపాయె."

నగేష్‌కు ఆ మాట చాలు. ఆ రోజు నుంచి హనుమప్పను ఏ మేస్త్రీ మిషన్ దగ్గరికి రానివ్వలేదు. ఎనిమిదేళ్లు ఇంజన్ నడిపినవాడు నారాయణగూడ కూలీల అడ్డాలో పొద్దున్నే తట్టా పారా పట్టుకుని నిలబడేవాడు. అడ్డాలో అతనికి 'సుక్క నూనె' అని పేరు పెట్టారు. "ఏ సుక్క నూనె, నీ బీడీలన్న పోసినవా లేదా?" అని నవ్వేవారు.

కిషన్ రావు ఎంకయ్య షాపుకు వెళ్లడం తగ్గించాడు. మోకాళ్ల నొప్పులన్నాడు. మిగతా నలభై ఏడు పిస్టన్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో తెలియదు. సందులో ఏ బోరు మోటారు దగ్గినా, ఏ స్లాబు దగ్గర ఇంజన్ గొంతు మారినా అన్నం ముద్ద అక్కడే ఆగిపోయేది. సేటుకు చెప్పి వాటిని వెనక్కి తెప్పించమనాలని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. సేటు ఆ మధ్యే షెడ్డు మూసేసి వెళ్లిపోయాడని తెలిసినప్పుడు, పాపం అనుకోవాల్సింది పోయి, హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య కూడా ఇప్పుడు గుచ్చుకుంటోంది.

"హనుమప్పన్న దగ్గరికి ఎన్నడు పోలేదా అంకుల్?" విజయశ్రీ అడిగింది. తిమ్మమ్మ ఆరు నెలలుగా ఈ బిల్డింగు మెట్లు కడుగుతోంది. రోజూ పొద్దున ఆమెతో రెండు మాటలు మాట్లాడందే విజయశ్రీ లైబ్రరీకి బయలుదేరదు.

"రెండుపార్ల పోయిన. మొదటిపారి అడ్డా దాక పోయి, అరటిపండ్లు కొనుక్కొని వచ్చిన. రెండోపారి ఆయన నన్ను సూసి నమస్తే పెట్టిండు. చెయ్యెత్తితే అరచేతిల ఆ మచ్చ కనపడె. నమస్తే అని వచ్చేసిన."

"అందుకనేనా మొన్న బుట్టెడు అరటిపండ్లు తెచ్చిన్రు!" అంది అరుంధతి. అన్నాక ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు చెప్పొద్దా మీరు?"

ఆయన చాయ్ కప్పు ఎత్తి, తాగకుండానే దించాడు.

"ఇన్నాళ్లు ఓర్సుకున్న. నాకు అలవాటైంది అనుకున్న. పోయిన వారం తిమ్మమ్మ మెట్లు కడుగుకుంట ఒక మాటన్నది. నేను పేపర్ సదువుతున్న. ఆ పెద్దసారు నేనే అని ఎరుకలేక, మొకం ఎత్తకుండ ఉత్తగనే అన్నది." కిషన్ రావు తిమ్మమ్మ మాటను తిమ్మమ్మ మాటలాగే చెప్పాడు. "'మా పెనిమిటి పోసిన పోసిన అని యాడాది మొత్తుకున్నడు సారూ. ఇప్పుడు ఆయననే అంటుండు, పెద్దసారు అన్నడంటె నేను పొయ్యకనే ఉంటి, యాది మరిసి ఉంట, నా మతి మంచిగ లేదేమో అని. ఇంటికాడ తాళం ఏసినంక మూడుసార్లు ఎనకకొచ్చి సూస్తుండు. పొయ్యి ఆర్పిన్నా అని పనికాడికెల్లి మల్లొస్తుండు.' గట్ల అనుకుంట బకీటు తీస్కొని కిందికి దిగిపోయింది."

కింద ఎవరో పిల్లవాడు పాఠం బట్టీ పడుతున్న చప్పుడు గాలికి పైకి వచ్చింది.

"ఆయన పని పోగొట్టిన. అది పెద్ద తప్పే," అన్నాడు కిషన్ రావు. "కాని ఆయన చేసిన మంచిపని ఆయనకే యాది లేకుండ చేసిన బిడ్డా. ఆరుగురిని కాపాడినోడు, ఇప్పుడు తనే నూనె పొయ్యలేదని నమ్ముతుండు. ఎందుకంటె నేను అన్న కాబట్టి."

విజయశ్రీ పిస్టన్‌ను రెండు చేతులతో పట్టుకుని, పక్కల మీద వేలు నెమ్మదిగా రాసింది. "నున్నగనే ఉన్నది అంకుల్. నాకు గూడ తెలుస్తున్నది."

"నీకు తెలుస్తది. ఎంకయ్యకు తెలుస్తది. ఎవలకు సూపిచ్చినా తెలుస్తది. అందుకనే పేపర్ల ఎనక పెట్టిన."

"ఇప్పుడేం చేద్దామంటరు?"

కిషన్ రావు లేచాడు. అల్మారాలోంచి ఎర్ర గుడ్డ మూట తీసి పిస్టన్ పక్కన పెట్టాడు. పంచ్‌ను బయటికి తీయలేదు.

"ఆదివారం పదింటికి ఎంకయ్య షాపు కాడికి నగేష్‌ను రమ్మను. హనుమప్పను, తిమ్మమ్మను గూడ రమ్మను. ఎంకయ్య ఉంటడు. ఈ రెండు బల్ల మీద పెట్టి, గుర్తు సూపిచ్చి, నా నోటితోటి నేను చెప్త. తిట్టుకుంటరో కొట్టుకుంటరో వాళ్ల ఇష్టం. నగేష్ మల్ల ఆయనను మిషన్ మీద కూసోబెట్టెదాక ఆ గడప దిగ. కాని పిలుసుడు మాత్రం నువ్వే పిలువాలె."

"మీరే పిలువొచ్చు కదా?"

"నేనైతే మల్ల అరటిపండ్లు కొనుక్కొని వస్త. నువ్వు పిలిసినంక నాకు తప్పించుకునే తొవ్వ ఉండది."

"నేను గూడ వస్త," అంది అరుంధతి. "ఈయన మోకాళ్లు ఆదివారం నొస్తయేమో సూడాలె కదా."

విజయశ్రీ లేచి నిలబడింది. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకుంటుంటే ఆయన మళ్లీ పిలిచాడు.

"బిడ్డా, అంత ఆదివారం దాక ఆపకు. ఒక్క ముచ్చట ఇప్పుడే చెప్పు. తిమ్మమ్మ ఈ యాళ్లకు మూలమీది అపార్ట్‌మెంటుల ఉంటది, ఇంక ఇంటికి పోయుండది. నూనె పోసిండని చెప్పు. పుల్ల ముంచి సూసిన మాట నిజమే అని చెప్పు. పెద్దసారే చెప్పమన్నడని చెప్పు. ఎందుకు, ఏంది అని అడిగితే ఆదివారం ఆయననే చెప్తడను. జర జల్ది పో, ఆమె పని ముగించుకొని బస్సెక్కకముందే."